ఎడమవైపు గిటారు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే మాకు సెలవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ దిగిపోయేవి, బస్సులు డిపో దాటేవి కావు, నడిరోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు. నేను మీర్‌పేట్ నుంచి నడుచుకుంటూ చైతన్యపురిలోని ఒక ఇంటి మేడ మీది గదికి పోయేవాణ్ణి. పాటలు వినడానికి.

ఆ గదిలో ఉండేది కాకినాడ నుంచి కంప్యూటర్ కోర్సు కోసం వచ్చిన ఒకతను. నాకంటే పెద్దవాడు కాబట్టి ‘అన్నా’ అని పిలిచేవాణ్ణి. మా పరిచయం నేనూ చేరిన ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద అయింది. నా ఇయర్‌ఫోన్‌లోంచి చిన్నగా బయటికి వస్తున్న శబ్దం విని ఆగి, “ఏం వింటున్నావురా, రాక్ మ్యూజిక్కా?” అన్నాడు. అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మా బస్తీలో నా దోస్తులు ఆ పాటలు వింటే, “ఏందిరా గీ లొల్లి, ఎవలన్న కొట్టుకుంటున్నరా?” అనేవాళ్ళు.

అన్న ఉండేది వాళ్ళ బాబాయి ఇంట్లోనే. బాబాయి కూతురు ఇంజనీరింగ్ చదివేది. తనకీ అదే పిచ్చి. గది తలుపు బార్లా తీసి ఉంచి ముగ్గురం కూర్చునేవాళ్ళం. పెన్ డ్రైవ్‌లు చేతులు మారేవి. ఏ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లోనే అంతా చెప్పేసింది, ఏది పేరొచ్చాక మెత్తబడిపోయింది, ఎవరి గొంతు పచ్చిగా ఉంటుంది, ఎవరిది నటన, ఇవే మా తగాదాలు. ఆ అమ్మాయి పాటల్లో మాటలు పట్టుకునేది. నాకా ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఆ సంగతి బయటపడకుండా శబ్దం గురించి మాట్లాడేవాణ్ణి. డ్రమ్ము ఎక్కడ వెనకబడింది, బేస్ ఎక్కడ బరువెక్కింది అని. మెల్లగా నాకో పేరొచ్చింది. “సౌండ్ సంగతి వీణ్ణి అడగాలి,” అనేవాడు అన్న. ఆ మాట కోసమే అంత దూరం నడిచేవాణ్ణేమో.

ఆ ఇంటి గేటు తీసేటప్పుడే నా భాష మార్చుకునేవాణ్ణి. ‘ఏంది’ని ‘ఏంటి’ చేసుకుని, ‘ఎట్ల’ని ‘ఎలా’ చేసుకుని మెట్లెక్కేవాణ్ణి. వాళ్ళెవరూ అడగలేదు. నాకే అలా అనిపించేది.

ఒకసారి కాలేజీలో ఎవరి దగ్గరో నాకు ఒక ఆల్బమ్ దొరికింది. వాళ్ళిద్దరూ వినలేదు. ఫోన్‌లో ఎక్కించుకుని నేను తిరిగిన చోటల్లా విన్నాను. అందులో రెండో పాట నన్ను పట్టుకుంది. మధ్యలో ఒకచోట అన్నీ ఆగిపోతాయి. డ్రమ్ము, బేస్ మాత్రం మెల్లగా నడుస్తుంటాయి. అంత మోత పెట్టే బ్యాండ్ అంత ధైర్యంగా ఎలా ఊరుకుందా అని ఆశ్చర్యపోయాను. కనిపించినప్పుడల్లా వాళ్ళిద్దరికీ దాని గురించే చెప్పాను. “అందరూ వాయించడం నేర్చుకుంటారు, వీళ్ళు ఆపడం నేర్చుకున్నారు,” అన్నాను. ఆ వాక్యం అన్నకి తెగ నచ్చి, ఇన్‌స్టిట్యూట్‌లో నలుగురి దగ్గరా చెప్పాడు. ఊరించి ఊరించి, వచ్చే బంద్‌కి పెన్ డ్రైవ్ తెస్తానన్నాను.

ఆ రోజు పొద్దున మెయిన్ రోడ్డు మీద ర్యాలీ ఉంది. డప్పుల మోత మేడ దాకా వస్తుంటే ఆ అమ్మాయి వాళ్ళమ్మ కింద కిటికీలు మూసేసింది. అన్న స్పీకర్లు రెండూ గదికి చెరోమూలా సర్ది, నన్ను మధ్యలో కూర్చోబెట్టాడు. మొదటి పాట అయింది. రెండోది మొదలైంది. నేను లేచి నిలబడి చెయ్యెత్తాను.

“ఇప్పుడు వస్తుంది చూడండి. అన్నీ ఆగిపోతాయి.”

సరిగ్గా అక్కడే ఎడమవైపు స్పీకర్‌లోంచి ఒక గిటారు లేచింది. గది అద్దాలు అదిరేంత గిటారు. నేనెప్పుడూ వినని గిటారు. నేను చెయ్యి దించలేదు.

“ఇంకా రాలే,” అన్నాను. భాష దానంతటదే జారిపోయింది. “జర ఆగుండ్రి. ఇంక ముందుంటది.”

పాట అయిపోయింది. ఇది వేరే రికార్డింగేమో అన్నాను. ఫోన్‌లోంచి ఆ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించింది నేనే. అన్న పాట వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే గిటారు, అక్కడే.

ఆ అమ్మాయి చెయ్యి చాపింది. “నీ ఇయర్‌ఫోన్స్ ఒకసారి ఇవ్వు.”

ఇచ్చాను. రెండు చెవుల్లో పెట్టుకుని వింది. ఒకటి తీసేసింది.

“ఎడమది పనిచెయ్యట్లేదు.”

“ఎరుకే. ఎప్పుడో పోయింది,” అన్నాను. పోతే ఏమైంది, రెండో చెవిలో పాట వస్తూనే ఉంది కదా అనుకున్నాను. ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో పక్కకి సర్ది రికార్డ్ చేస్తారని, ఒక చెవి పోతే ఆ పక్కన ఉన్నదంతా పోతుందని నాకు తెలియదు. తను ఆ మాట నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా చెప్పింది. ఆ నెమ్మదికే నాకు చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ళూ నేను శబ్దం గురించి చెప్పిన ప్రతి మాటా ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

అన్న పగలబడి నవ్వాడు. మంచం మీద పడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, ర్యాలీ వైపు చెయ్యి చూపించి అన్నాడు:

“మీవాళ్ళంతా ఇంతేరా బాబూ! ఒక చెవితో విని, ఊరంతా డప్పు కొడతారు!”

“అన్నయ్యా!” అంది ఆ అమ్మాయి.

అన్న నవ్వు సగంలో ఆగింది. “జోకురా. ఊరికే అన్నాను,” అన్నాడు. అతని ముఖం మాడిపోయింది.

ఆ క్షణంలో నేను లేచి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఏదో ఒకటి అని ఉండొచ్చు. మా చిన్నాయన అదే ర్యాలీలో ఉన్నాడు. నేను చేసింది నవ్వడం. అతనితో పాటు, అతనికంటే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు నా చెవులకే వినపడుతుంటే ఇంకా నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది.

అంతలో ఆ అమ్మాయి వాళ్ళమ్మ పైకి వచ్చి, “బస్సుల్లేవుగా బాబూ, భోంచేసి వెళ్ళు,” అంది. కాదనలేక కిందికి దిగి కూర్చున్నాను. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం. ఆవిడ మారు వడ్డిస్తూ, “ఏమర్రా, ఇవాళ పోట్లాట లేదా?” అని అడిగింది.

తిరిగి వెళ్తుంటే సరూర్‌నగర్ దగ్గర ర్యాలీ నుంచి ఇళ్ళకి పోతున్న గుంపు కలిసింది. అందులోంచి మా చిన్నాయన నన్ను చూసి భుజం మీద చెయ్యేశాడు. “యాడికెల్లి ఒస్తున్నవ్‌రా?”

“దోస్తు ఇంటికాడికెల్లి.”

“తిన్నవా?”

“తిన్న.”

గొంతు బొంగురుపోయి ఉంది ఆయనకి. ఇంకేమీ అడగలేదు. కర్మన్‌ఘాట్ దాకా ఆయన పక్కనే నడిచాను గానీ, తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.

తర్వాత చాలా రోజులు ఆ మేడ ఎక్కలేదు. ఫోన్ వస్తే తియ్యలేదు. మీర్‌పేట్‌లో ఒక నెట్ సెంటర్‌లో పెద్ద హెడ్‌ఫోన్లు ఉండేవి. అక్కడ కూర్చుని ఆ ఆల్బమ్ మొత్తం రెండు చెవులతో విన్నాను. నిజం చెప్పాలంటే అది మామూలు ఆల్బమ్. గిటారు ఎప్పుడు రావాలో అప్పుడే వస్తుంది. నాకు సగం వినపడిన ఆల్బమే బాగుంది. కానీ ఆ మాట చెప్పడానికి నాకిక ఏం మొహం ఉంది?

ఒకరోజు ఇన్‌స్టిట్యూట్ ముందు ఆ అమ్మాయి కనిపించింది. “ఎడమవైపు స్పీకర్ తీసేసి విన్నాను. నువ్వు చెప్పింది ఉంది అందులో. నిజంగా బాగుంది,” అంది. నా మీద జాలిపడుతోందనుకున్నాను. “క్లాసుకి టైమైంది,” అని లోపలికి వెళ్ళిపోయాను. లోపల క్లాసేమీ లేదు. ఖాళీ గదిలో కూర్చుని, తను వెళ్ళిపోయాక బయటికొచ్చాను.

కోర్సు అయ్యాక అన్నకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ముందు కాకినాడలో ఇంటికి వెళ్తున్నానని, ఎల్‌బీ నగర్‌లో సాయంత్రం బస్సు ఎక్కుతున్నానని మెసేజ్ పెట్టాడు. వెళ్ళాను. ఆ అమ్మాయి కూడా వచ్చింది. ట్రావెల్స్ ఆఫీసు ముందు సూట్‌కేసు పక్కన అన్న నిలబడి ఉన్నాడు. ఇద్దరం కాసేపు ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నాం.

“ఆ రోజు నోరు జారానురా,” అన్నాడు ఉన్నట్టుండి, నా వైపు చూడకుండా.

“ఇడిచిపెట్టన్నా.”

“నువ్వు నవ్వావు చూడు, అదే నాకు...” అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి చేస్తాడేమోనని భయపడ్డాను. చెయ్యలేదు. బస్సువాడు కేకేశాడు. అన్న ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, అద్దం జరిపి, “ఏం వింటున్నావు ఈమధ్య?” అని అరిచాడు.

ఆ వారమంతా ఒక ఆల్బమ్ నన్ను నిద్రపోనివ్వలేదు. దాని పేరు నాలుక చివరి దాకా వచ్చింది.

“ఏం లేదన్నా,” అన్నాను.

అతను తలూపాడు. బస్సు విజయవాడ రోడ్డు ఎక్కింది. ఆ అమ్మాయి చైతన్యపురి వైపు, నేను మీర్‌పేట్ వైపు ఆటోల కోసం రోడ్డుకి చెరోపక్కన నిలబడ్డాం.