నాన్న నేర్పిన హ్యాండ్‌బాల్

శానిటైజర్ వాసన తగిలితే ఇప్పటికీ ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్లోని మా పెరటి తడిగడ్డి గుర్తొస్తుంది. లాక్‌డౌన్ రోజుల్లో, నర్సుగా పనిచేసే అమ్మ మేడమీది గదిలోంచి బయటికి రావడం మానేసింది. "డ్యూటీ అలసట" అనేవాడు నాన్న. ఇద్దరూ పోట్లాడుకున్నారని నా అనుమానం. పైగా, ఎన్నడూ బంతి ముట్టని నాన్న రోజూ నాకు హ్యాండ్‌బాల్ నేర్పసాగాడు. చెవిలో ఇయర్‌ఫోన్, చూపేమో నా తలమీదుగా ఎటో.

"ఎడమకి చూస్తూ కుడికి పాస్ ఇవ్వు. అప్పుడు డిఫెండర్ మోసపోతాడు," అని కాసేపు ఆగి, "గోల్‌కైతే ఎగిరి విసరాలట," అన్నాడు.

విసరాలట? అంటే ఎవరో చెబుతున్నారు. చటుక్కున వెనక్కి తిరిగాను. కిటికీలో మాస్కుతో అమ్మ, చెవి దగ్గర ఫోన్.

"డాడీ, ఆర్ యూ అండ్ మామ్ ఫైటింగ్?"

"లేదమ్మా. అమ్మకి కోవిడ్. భయపడతావని చెప్పలేదు. కాలేజీ టీమ్‌లో ఆడింది అమ్మే, నాకేం తెలుసు?"

మాట్లాడుతూ ఊపిరందక అమ్మ ఆగిపోయినప్పుడల్లా నాన్న నాతో "ఇంకోసారి విసురు" అనేవాడని పెద్దయ్యాక తెలిసింది.