వడకట్టిన శాంపిల్

1968 ఎండాకాలం. తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో నేను ల్యాబ్ అసిస్టెంటుని. గుంటూరు వైపు నుంచి వచ్చి నాలుగేళ్లయింది. నీళ్లు పరీక్షించడం నా పని. పర్యావరణం అనే మాట అప్పటికి మా నోళ్లలో పడలేదు. మా ప్రొఫెసరు గారు మాత్రం విదేశీ పత్రికలు చదివి, నదులు పాడవుతున్నాయనీ ‘పొల్యూషన్’ అనీ దిగులుపడేవారు. మేము ఆయన చాటున నవ్వుకునేవాళ్లం.

ఒక ఉదయం మల్లమ్మ ల్యాబుకు వచ్చింది. తార్నాకలో నాలుగు బర్రెలు పెట్టుకుని మా క్వార్టర్లకు పాలు పోసే మనిషి. ఆమె ఇంటి వెనక కొత్తగా నూనె డ్రమ్ములు కడిగే షెడ్డు వెలిసింది.

“సారూ, బర్లు బాయి నీళ్లకు మూతి పెడ్తలెవ్వు. షెడ్డు సేటును అడిగితే నీళ్లు మంచిగనే ఉన్నయంటడు. మీరు పరీక్ష జేసి కాయితం రాసియ్యుండ్రి” అంది.

శాంపిల్ తెమ్మని, అంటే పరీక్షకు కొంచెం నీళ్లు తెమ్మని, శుభ్రం చేసిన సీసా ఇచ్చాను. మర్నాడు తెచ్చింది. నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. పీహెచ్, అంటే పులుపూ క్షారమూ తేల్చే కొలత, సరిగ్గానే ఉంది. నూనె జాడ లేదు. సల్ఫేటు కాస్త ఎక్కువనిపించింది గానీ, బావి నీళ్లే కదా అని వదిలేశాను. నా దస్తూరీ మీద నాకు గర్వమెక్కువ. ముత్యాల్లాంటి అక్షరాలతో ‘లోపమేమీ లేదు’ అని రాసిచ్చాను.

రెండు వారాల తర్వాత పాలు రావడం ఆగిపోయింది. ఏమైందోనని మల్లమ్మ ఇంటికి వెళ్లాను. కొట్టంలో రెండే బర్రెలున్నాయి.

“రెండు అమ్మేసిన సారూ. తాగనీకి నీళ్లు లేకపాయె. సేటు మీ కాయితమే తీస్కొని అందరికి సూపిస్తున్నడు. యూనివర్సిటోళ్లే మంచిగున్నయన్నరు, నీకేంది బాధ అంటడు.”

వెళ్లి బావిలోకి చూశాను. నీళ్ల మీద నల్లటి జిడ్డు తెట్టె కట్టి ఉంది, వాసనకు కళ్లు మండాయి.

“నాకు తెచ్చింది ఈ నీళ్లేనా అమ్మా?”

“ఇవ్వే సారూ. పటిక తిప్పి, తేరినంక కొత్త గుడ్డల రెండుసార్లు వడగట్టిన. సదువుకున్నోళ్ల చేతికి గలీజు నీళ్లు ఎట్లిస్త?”

పటికలో ఉండేది సల్ఫేటే. డ్రమ్ములు కడిగే సోడా క్షారాన్ని కూడా పటిక విరిచేస్తుంది. ఆ అంకె నా కళ్ల ముందే ఉన్నా ఎందుకని అడగని నన్ను నేనే తిట్టుకున్నాను.

“తప్పయిందా సారూ?” అంది భయంగా.

“తప్పు నాదమ్మా. ఎలా తేవాలో నేను చెప్పలేదు.”

ఈసారి నేనే సీసా నింపుకున్నాను. ఆ మురికి నేను మోసుకెళ్తుంటే ఆమె సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. ఆమె మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

డిపార్ట్‌మెంటులో మా సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. “మన సంతకాన్ని మనమే కొట్టేసుకుంటామా? పరువేం కాను?” అన్నాడు. ప్రొఫెసరు గారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చదివారు. “రెండూ పంపుదాం. మన పొరపాటు కూడా వాళ్లకు తెలియాలి” అని, విద్యార్థులను వెంటబెట్టుకుని తానే మున్సిపల్ ఆఫీసుకు నడిచారు. నవ్విన మేమంతా ఆయన వెనకే వెళ్లాం. కొన్నాళ్లకు షెడ్డు మూతపడింది. బావి తేరుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది.

తర్వాత పర్యావరణం పేరుతో కోర్సులు వచ్చాయి, ఖరీదైన యంత్రాలు వచ్చాయి. నేను మాత్రం ఎవరు సీసా తెచ్చినా ముందు కూర్చోబెట్టి, దారిలో దానికి ఏం చేశారో అడిగేవాణ్ణి. మనుషుల మర్యాద తెలియకుండా వాళ్ల నీళ్లు పరీక్షించలేమని నాకు అర్థమైంది.

అమ్మేసిన బర్రెలు తిరిగి రాలేదు. మల్లమ్మ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మళ్లీ పాలు పోయడం మొదలుపెట్టాక, రోజూ మా గిన్నెలో ఇంకాస్త కొసరు పోసేది. ఆ కొసరు పుచ్చుకోవడం ఏ తిట్టు పడటం కన్నా నాకు కష్టంగా ఉండేది.