మైకులో ఒక్క మాట

గంగులప్పన్న ఇంజన్ ఎక్కితే మనిషి మారిపోయేవాడు. పాకాల ప్లాట్‌ఫారం మీద ఉన్నంతసేపూ ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. టీ కొట్టు మునిలక్ష్మిని ఏడిపించకుండా గ్లాసు అందుకునేవాడు కాదు. గార్డు పచ్చజెండా ఊపి బండి కదిలిందంటే మాత్రం, యార్డు దాటి ఆఖరి సిగ్నల్ వెనకబడేదాకా సిగ్నల్ మాట తప్ప ఇంకో మాట ఇంజన్లో వినపడకూడదు. ఆయన డ్రైవరు, నేను అసిస్టెంటు. పాకాల నుంచి ధర్మవరం దాకా మీటర్‌గేజి మీద ఇద్దరం చాలా ఏళ్లు తిరిగాం.

అప్పటి సిగ్నళ్లకు చెయ్యి ఉండేది. అది వాలితే పోవచ్చు, అడ్డంగా ఉంటే ఆగాలి. ముందు చూసినవాడు ‘వాలింది’ అనాలి. రెండోవాడు తానూ చూసి ‘వాలింది’ అని తిరిగి చెప్పాలి. రైల్వేలో అందరికీ ఉన్న పద్ధతే. చాలామంది తల ఊపి సరిపెట్టేస్తారు. గంగులప్పన్న దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు.

“ఇన్నానంటే సాలదు చిన్నబ్బా, తిరిగి సెప్పాల. నీ నోట్లోంచి రాకుంటే నువ్వు సూళ్లేదనే లెక్క” అనేవాడు.

నాకు కొడుకు పుట్టిన కబురు సరిగ్గా బండి కదిలే ముందు వచ్చింది. సంతోషం పట్టలేక “అన్నా!” అని నోరు తెరిచాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. యార్డు దాటి, ఆఖరి సిగ్నల్ కూడా వెనక్కి పోయాక నావైపు తిరిగి, “ఇప్పుడు సెప్పు. ఎవురు పుట్టినారు?” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పీలేరులో ఆయనే దిగి పరుగెత్తి మిఠాయి పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టాడనుకోండి, అది వేరే సంగతి.

ఈ జబ్బు ఇంట్లోకీ పాకింది. చంద్రకాంతమ్మ వదిన వంటింట్లోంచి “పాలు పొంగతా ఉండాయి” అని అరిస్తే, కూతురు భానుశ్రీ “పొంగతా ఉండాయి” అని తిరిగి చెప్పి మరీ పొయ్యి దగ్గరికి ఉరికేది. “ఇది ఇల్లా, లోకో షెడ్డా?” అని వదిన తల కొట్టుకునేది. ఆ పిల్లే బాగా చదివి, ప్రభుత్వ సీటు తెచ్చుకుని, ఎక్కడో ఉత్తరాదికి పోయి విమానం నడపడం నేర్చుకుంది. తండ్రి రిటైరయ్యాక ఒక చిన్న కంపెనీలో కోపైలట్‌గా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది చూసి ఉంచుకుంటామన్నారు.

రెండువేల ఆరులో ఆమెకు రేణిగుంట నుంచి హైదరాబాదు పోయే విమానంలో డ్యూటీ పడింది. గంగులప్పన్న ఎక్కాలని ముచ్చటపడ్డాడు. వదిన భయపడి రానంటే ఆ టికెట్టు మీద నేను ఎక్కాను. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఆయన కూతుర్ని ఒక కోరిక కోరాడు.

“తలుపు మూసుకుని ముందర కూచుంటావు. నువ్వు ఉండావో లేదో నాకెట్లా తెలియాల? కొండ కనపడినప్పుడు మైకులో ఒక్క మాట మాట్లాడు పాపా. నాయన ఎక్కినాడని సెప్పు.”

ఊరికంతా శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా! నా కొడుకు పుట్టిన వార్తను యార్డు దాటేదాకా ఆపిన మనిషే ఈ మాట అడిగాడు. ఇంజనుకున్న పద్ధతే విమానానికీ ఉంటుందని నాకూ ఆ క్షణాన తట్టలేదు. భానుశ్రీ కాసేపు కంచంలోకి చూసి, సరేనంది.

విమానం లేచింది. ఎడమపక్క ఏడుకొండలు పచ్చగా, నెమ్మదిగా తిరుగుతూ కనిపించాయి. మైకులో పాప గొంతు వచ్చింది. కొండ చూడమని చెప్పి, “ఈ రోజు మనతోపాటు మా నాయన, పాకాల ఇంజన్ డ్రైవర్ గంగులప్పగారు కూడా ప్రయాణం చేస్తున్నారు” అంది. జనం గోవిందలు కొట్టారు. గంగులప్పన్న కండువాతో కళ్లు అద్దుకున్నాడు. ఇంతలో మాట మధ్యలోనే తెగిపోయింది. విమానం ముక్కు కొంచెం దించింది. అంతే. వెనక సీటాయన పేపరు కూడా దించలేదు.

హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం బయట వేపచెట్టు కింద భానుశ్రీ మా దగ్గరికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఏమైంది పాపా?” అన్నాడు తండ్రి.

“పైన ఇంకో విమానం ఎదురొస్తా ఉండాదని, మమ్మల్ని ఆరువేల అడుగుల కాడ ఆగమని టవర్ వాళ్లు సెప్పినారు నాయనా. కెప్టెన్ కృష్ణమూర్తి సార్ నడపతా ఉండాడు. ఇంక వెయ్యి అడుగులుండాయనంగా నేను ఆ మాట పైకి సెప్పాల. ఆయన తిరిగి సెప్పాల. నేను మైకులో ఉండాను. సార్ కొండకేసి సూసి లెంపలేసుకుంటా ఉండాడు. ఆరువేలు దాటేసినాం. ఎత్తు మీరినామని గంట మోగినాక దించినాం.”

“ఆ ఎదురొచ్చేది?”

“దూరంగానే ఉండాది. ఏం కాలేదు.”

గంగులప్పన్న చేతికర్ర నేలకు ఆనించి అడిగాడు. “పైకెక్కేటప్పుడు వేరే మాట మాట్లాడకూడదని మీకు లేదా?”

“ఉండాది నాయనా.”

“తెలిసీ ఎందుకు మాట్లాడినావు?”

“నువ్వు అడిగినావు గదా.”

ఆయన కర్ర మీదికి తల వాల్చేశాడు. నాకు ఆయన మీద కోపం రావాలి, జాలి వచ్చింది.

కృష్ణమూర్తి మంచి మనిషే. టవర్ వాళ్లు అడిగితే ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పేశాం, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, నువ్వు కంపెనీకి చెబితే నీ ఉద్యోగం ఖాయం కాదమ్మా, నాకూ మచ్చ, వదిలెయ్యి అన్నాడట. నేనూ అదే పాట పాడాను. “ఆయనే వద్దంటా ఉంటే నీకెందుకమ్మా? కొరివితో తల గోక్కుంటారా ఎవురన్నా?”

“ఇంకో కోపైలట్టు వాళ్ల నాయన కూడా ఎక్కుతాడు గదా చిన్నాయనా. కొండ అందరికీ కనపడతాది” అంది భానుశ్రీ.

గంగులప్పన్న తల ఎత్తాడు. “ఉద్యోగం పోతాదా?”

“పోయినా పోవచ్చు.”

“అడిగింది నేనని కూడా సెప్పు.”

“అది ఎవురూ రాసుకోరు నాయనా” అని ఆ పిల్ల నవ్వబోయింది, నవ్వు రాలేదు. టోపీ సర్దుకుని, “సెప్పేస్తా నాయనా” అంది.

భానుశ్రీ కదల్లేదు, తండ్రి ముఖంలోకే చూస్తూ నిలబడింది. తిరిగి చెప్పేదాకా పోదని మా ఇద్దరికీ తెలుసు.

“సెప్పేస్తావు” అన్నాడు గంగులప్పన్న.

కంపెనీ ఇద్దర్నీ విమానం నడపనివ్వకుండా నేలమీద కూర్చోబెట్టింది. కృష్ణమూర్తి ఆ పిల్లతో మాట్లాడటం మానేశాడు. పాకాలలో గంగులప్పన్న టీ కొట్టు దాకా రావడం కూడా మానేశాడు. మునిలక్ష్మి నన్నడిగేది, పెద్దాయనకు ఒంట్లో బాగాలేదా అని. చంద్రకాంతమ్మ వదిన ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ‘తిడితే బాగుండు చిన్నబ్బా’ అనేవాడు. మామిడికాయల కాలం పోయి వానలు పడ్డాయి. మళ్లీ శిక్షణ ఇచ్చారు, మళ్లీ పరీక్ష పెట్టారు. చివరికి ఇద్దర్నీ తీసుకున్నారు. పాప ఉద్యోగం ఖాయమైంది. పైకెక్కేటప్పుడు మైకు ముట్టుకోకూడదని ఆ కంపెనీలో అందరికీ మళ్లీ గట్టిగా చెప్పారట.

ఆ చలికాలం మేమిద్దరం మళ్లీ అదే విమానం ఎక్కాం. ముందు భానుశ్రీ ఉంది. ఈసారి గంగులప్పన్న ఆమెను ఏమీ అడగలేదు. విమానం లేచింది. ఎడమపక్క కొండ వచ్చింది. జనం వాళ్లంతట వాళ్లే గోవిందలు కొట్టారు. ఆయన కొండకేసి చూడలేదు. తల పైనున్న మైకు చిల్లులకేసే చూస్తున్నాడు. వేళ్లు సీటు చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కొండ వెనకబడింది. మైకు పలకలేదు. విమానం పైకెక్కడం ఆపి, ఏ కుదుపూ లేకుండా తిన్నగా సాగింది. ఆయన వేళ్లు వదులయ్యాయి.

“పాప పనిలో ఉండాది” అన్నాడు.

తల ఊపబోయి, ఆపుకున్నాను.

“పనిలో ఉండాదన్నా” అన్నాను.