తలాఠీ అడిగిన ఘూస్

నా పెండ్లయినప్పుడు మా అమ్మగారిల్లు ఒక రాజ్యంల, అత్తగారిల్లు ఇంకో రాజ్యంల ఉండె. మా నాయన లాల్‌పేట్ బొగ్గుబావిల పనిచేస్తుండె. అత్తగారి ఊరు వార్ధా నది దాటినంక రాజురా దిక్కు, అప్పటికి హైదరాబాదు కింద ఉండె. ఏడాది తిరగకముందే రాజ్యాలను విడగొట్టి మళ్ల కలిపిండ్రు. రెండూళ్లు ఉన్న చోటనే ఉండి, రెండూ బొంబాయి రాజ్యంలకు వచ్చి పడ్డయి. పుట్టినిల్లు దగ్గరకొచ్చినట్టు నాకు సంబురమైంది. నది మాత్రం ముందెంత వెడల్పుండెనో అంతే ఉండె.

మా మామ దిగాలు పడ్డడు. ఊర్ల ఉర్దూ చదువుకున్నోళ్లు ముగ్గురే, అండ్ల ఆయన ఒకడు. కచేరి నుంచి ఏ కాయితమొచ్చినా చదివిచ్చుకోనీకి అందరు మా అరుగు మీదికే వస్తుండిరి. ఇప్పుడు కాయితాలన్నీ మరాఠీల రావట్టె. "ఏం గాదు, మరాఠీ అంటే ఉర్దూనే. జర వంకర తిప్పి మాట్లాడుతరు, అంతే" అని తనకు తనే ధైర్యం చెప్పుకుంటుండె.

నాకు మరాఠీ మంచిగ వచ్చు. లాల్‌పేట్ల నాలుగో తరగతి దాకా ఆ బడిలనే చదివిన. గని కొత్త కోడలిని, మామ ముందట నోరు తెరిచేది లేదు. ఏమన్న చెప్పాల్నంటే అత్తకు చెప్పాలె, అత్త ఆయనకు చెప్పాలె. నీకు మరాఠీ వచ్చునా అని ఎవరూ అడగలె, నేనూ చెప్పలె.

ఇగ అత్త సంగతి వేరే. పందికొక్కును పట్టుడుల ఆమెను మించినోళ్లు ఆ చుట్టుపక్కల లేరు. వడ్లగాదె కింద, పశువుల కొట్టం గోడల అవి బొక్కలు తవ్వి గింజలు మోసుకపోతుంటె ఊరందరు అత్తనే పిలుస్తుండిరి. టేకు చెక్కతోని ఒక బోను చేపిచ్చుకున్నది, మూర పొడుగు, పైకి లేపే తలుపు. నేను కాపురానికొచ్చిన కొన్నాళ్లకే నన్ను వెంటేసుకొని తిరుగుతుండె.

"బొక్క ముందట మన్ను వదులుగ, తడిగ ఉంటే లోపల ఉన్నట్టు. సాలెగూడు కట్టి ఉంటే ఇల్లు ఖాళీ జేసి పోయినట్టు. నమ్మకం లేకుంటె పొద్దూకంగ ఆకులు కుక్కి రా. తెల్లారి తోసేసి ఉంటే పని మొదలువెట్టు" అనేది.

చేతులకు ఆ బొక్క మన్నే రాసుకోని బోను ముట్టాలె, మనిషి వాసన తగలొద్దు. ఎరకు కాల్చిన ఎండుచేప, పల్లీలు. మొదటి మూడు రోజులు బోను తలుపు పైకి కట్టేసి ఊకె తిండి పెట్టాలె.

"ఎందుకత్తా, ఊకెనే తినబెట్టుడు?"

"భయం పోవాలె బిడ్డా. ఇది మన ఇల్లే అనుకోవాలె. నాలుగో రోజు తలుపు ఇడువాలె."

నేను కొత్తగొచ్చినప్పుడు నాకు గూడ మూడు రోజులు ఏ పనీ చెప్పకుండ కమ్మగ తినబెట్టిన సంగతి యాదికొచ్చింది.

ఆ ఎండకాలంల ఊరికి కొత్త తలాఠీ వచ్చిండు. ఇదివరకు పట్వారీ చూసిన భూముల లెక్కలు ఇప్పుడు తలాఠీ చూస్తడన్నట్టు. వార్ధా పట్నం దిక్కు పిలగాడు, సన్నగ, పొడుగ్గ, పెండ్లి గాలె. తెలుగు ముక్క రాదు. చావడిలనే కాయితాల పెట్టె, మంచం వేసుకోని, తనే రొట్టెలు కాల్చుకుంటుండె. మామ పెద్దమనిషి లెక్క చూసిరానీకి పోయి, మొఖం ఎర్రగ జేసుకొని తిరిగొచ్చిండు.

"వచ్చి నాలుగు రోజులు గాలె, మొఖం మీదనే ఘూస్ అడుగుతుండే! 'చావడీత్ ఘూస్ ఆహే, కాహీతరీ బందోబస్త్ కరా' అన్నడు. చావడిల లంచం నడుస్తదంట, బందోబస్తు జెయ్యాల్నంట!"

ఉర్దూల ఘూస్ అంటే లంచమే. నేను లోపల చేటల బియ్యం ఏరుతున్న. మామ తొందరల ఆ మరాఠీ మాట నాకు సగమే చెవికెక్కి, నిజమే కావచ్చని నేను గూడ అనుకున్న.

"ఎందుకొచ్చిన లొల్లి, గిన్నెడు నెయ్యి ఇచ్చి రాండ్రి" అన్నది అత్త.

మామ మనసు చంపుకొని నెయ్యి ఇచ్చొచ్చిండు. రెండు రోజులకు మళ్ల పోయి, ఈసారి ఇంకింత కోపంతోని వచ్చిండు.

"నెయ్యి మంచిగుందంట. గని ఘూస్ పెద్దది ఉండాల్నంట! 'మోఠీ ఆహే, మోఠీ' అని చేతులు చాపి చూపిచ్చిండు."

"గంత కావాల్నా?" అని అత్త నోరు తెరిచింది. ఈసారి బెల్లం ముద్ద, బుట్టెడు పల్లీలు పోయినయి.

మూడోసారి మామ వచ్చి అరుగు మీద కూలవడ్డడు. కోపం గూడ లేదు, ఉత్త ఆశ్చర్యం.

"తనకు ఒక్కనికే గాదంట. పిల్లలకు గూడ కావాల్నంట. 'ఘూస్ ఏక్‌టీ నాహీ, పిల్లం పణ్ ఆహేత్' అన్నడు. పెండ్లి గాని పిలగానికి పిల్లలెక్కడోళ్లే?"

అప్పుడు నాకు సమజైంది. మరాఠీల ఘూస్ అంటే పందికొక్కు! నెయ్యి బాగున్నది, గని పందికొక్కు పెద్దది, ఒక్కటే గాదు, పిల్లలు గూడ ఉన్నయి అని పాపం ఆ పిలగాడు మొత్తుకుంటుండు. నాకు నవ్వు ఆగలె. కొంగు నోట్ల కుక్కుకున్నా ఆగలె. చేట కింద పడి బియ్యమంత ఇల్లంత పరుచుకున్నయి.

మామ నవ్వు విన్నడు. అత్త ఉరికొచ్చింది. "ఏమైందే నీకు? మామ మీద నవ్వుతవా?" అని గద్దిచ్చింది. నేను చెవిల చెప్పిన. అత్త నన్ను ఒకసారి చూసి, బియ్యం మీదనే కూసోని, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఆనక పోయి మామకు చెప్పింది.

"దానికి మరాఠీ వచ్చునా?" అని మామ అడిగిండు.

"వచ్చునంట."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలె?"

"ఎవరూ అడగలేదంట."

తెల్లారి ముగ్గురం చావడికి పోయినం. తలాఠీ మాట నేను అత్తకు తెలుగుల చెప్పాలె, అత్త పక్కనే నిలవడ్డ మామకు చెప్పాలె, మామ ఆలోచించి అన్నది అట్లనే వెనుకకు పోవాలె. "నమస్కారం" పోయి రానీకే చాలసేపు పట్టింది. మూడు రోజులు బోను పెట్టే ఓపిక తలాఠీకి లేకుండె, అప్పటికే పందికొక్కు కాయితాలు కొరికి పడేసింది. పొగ పెడుదమన్నది అత్త.

గోడ బయట మూడు బొక్కలు దొరికినయి. రెండింటిని రాయి, మన్నుతోని మూసినం. మూడో దాంట్ల పిడకల నిప్పు, ఎండు మిరపకాయలేసిన కుండ మూతి పెట్టి, అత్త చేటతోని విసరవట్టె. అది ఎటు పోవాలె మరి అని నేను అడిగిన.

"నాలుగో బొక్క లోపలికే ఉంటది. కాయితాలు తిన్నది అటునుంచి వచ్చే గదా. నువ్వు బోను తీస్కపోయి గోడకు ఆనిచ్చి పెట్టు. పందికొక్కు నడుమల నుంచి ఉరకదు, గోడ వెంబడే ఉరుకుతది. తలుపు తాడు చేతుల వట్టుకో."

నేను బోను గోడకు పెట్టి తాడు పట్టుకొని కూసున్న. మగోళ్లిద్దరు గడప కాడ పెద్దరికంగ నిలవడ్డరు. జరసేపటికి కాయితాల పెట్టె కింది నుంచి మిరపపొగ లేచింది. అందరం దగ్గుడు మొదలువెట్టినం. ఆ పొగల నుంచి పిల్లి అంత పందికొక్కు, వెంట్రుకలు నిక్కవొడుచుకొని, బుసకొట్టుకుంట బయటికి దుంకింది.

"ఘూస్!" అని తలాఠీ మంచమెక్కిండు.

"ఘూస్!" అని మామ గూడ అదే మంచమెక్కిండు.

నులక మంచం ఇద్దరి బరువుకు కిర్రుమన్నది. ఒకరినొకరు పట్టుకొని నిలవడ్డరు. మధ్యల మాట తిప్పి చెప్పేటోళ్ల అవసరం ఇద్దరికీ రాలె. పందికొక్కు అత్త చెప్పినట్టే గోడ పట్టుకొని ఉరికి సీదా బోనులకు దూరింది. నేను తాడు ఇడిసిన. తలుపు దబ్బున పడ్డది.

"మామా, పడ్డది! దిగుండ్రి!" అని ఒర్లిన.

ఆ ఇంటికొచ్చినంక నేను మామతోని మాట్లాడిన మొదటి మాట అది. బయటి నుంచి ఉరికొచ్చిన అత్త గుమ్మంల చేట పట్టుకొని అట్లనే నిలవడ్డది. మామ మెల్లగ మంచం దిగి, పంచె సదురుకొని, బోను దిక్కు చూసి అన్నడు: "తలుపు మంచిగ పడ్డదా బిడ్డా? జర గట్టిగ ఒత్తు."

మామ నన్ను "బిడ్డా" అనుడు గూడ అదే మొదటిసారి. తలుపు రెండు చేతులతోని ఒత్తిపట్టిన.

తర్వాత పెట్టె జరిపి బొక్క తవ్వినం. లోపల మెత్తటి గూడు, పాత ఉర్దూ కాయితాలు, కొత్త మరాఠీ కాయితాలు కలిపి సన్నగ కొరికి పరిచి ఉన్నది. మామ ఒక ముక్క, తలాఠీ ఒక ముక్క తీసి చదవనీకి చూసిండ్రు, ఎవరికీ పూర మాట దొరకలె. తల్లి సంగతి, పిల్లల సంగతి అత్త నన్ను బయటికి పంపి తనే చూసుకున్నది. ఆ పని ఆమెకూ ఇష్టం లేకుండె, ఆ పూట అన్నం సగమే తిన్నది.

పోయేటప్పుడు తలాఠీ నన్ను అక్కను పిలిచినట్టు పిలిచి మరాఠీల అడిగిండు. "తాయీ, మరి ఆ నెయ్యి, బెల్లం, పల్లీలు ఎందుకు ఇచ్చిండ్రు?"

నేను అత్తను చూసిన, అత్త మామను చూసింది. మామకు ప్రశ్న ఏందో చెప్పకుండనే సమజైనట్టున్నది, చెమట పట్టింది.

"ఎరకు" అన్న నేను.

తలాఠీ మొఖం వాడిపోయింది. "అయ్యో, అదంత ఘూస్ కోసమా? నేను రొట్టెలల్ల తినేసిన" అన్నడు సిగ్గుపడుకుంట.

మా గడప దాటినంక మామే ముందుగాల నవ్విండు.

వారం గాకముందే మామ అంగడి నుంచి పలక కొనుక్కొచ్చి అరుగు మీద కూసున్నడు. నేను తలుపు చాటు నుంచి కాదు, ఎదురుగ కూసోని మరాఠీ అక్షరాలు రాసి చూపిచ్చిన. ఆయన నాలిక బయటవెట్టి దిద్దుతుండె. వంకరలు తిరిగే 'ఝ' కాడ ఇద్దరం చాలసేపు ఆగిపోయినం. అన్నం చల్లారుతుందని అత్త లోపలి నుంచి రెండుసార్లు పిలిచింది.