డాక్టర్ గారి కత్తి

ఆదివారం ఇత్తడి కుందులు తోముతుంటే పాలిష్ వాసనకు చేతులు ఆగిపోయాయి. శామీర్‌పేటలో మా పక్కింటి నర్సింగరావు గారి ముందుగదిలో ఎప్పుడూ ఇదే వాసన. ఆయన రిటైరైన పశువుల డాక్టరు. బ్రిటిష్ కాలం నాటి సైనికుల కోట్లు, టోపీ బిళ్ళలు, కత్తులు సేకరించేవారు. కాకినాడ నుంచి ల్యాబ్ ఉద్యోగానికి వచ్చి, కాలనీలో ఎవరూ తెలియని నన్ను టీకి పిలిచి, ఒక కోటు చేతికిచ్చి, దీన్ని తొడుక్కున్న మనిషి ఎలాంటివాడో చెప్పమన్నారు. మోచేతుల దగ్గర అరిగిన ఉన్ని చూసి, బల్ల మీద రాతపని చేసేవాడేమో అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు అక్కడే గడిచాయి.

వాటన్నిటిలో ఆయనకు ప్రాణం ఒక పొడవాటి కత్తి. యుద్ధం చూసిన కత్తి అని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పేవారు. ఒకరోజు దాన్ని తుడుస్తూ, దీనికి పదునే లేదేమిటని అడిగాను. ఆయన భూతద్దం తెచ్చుకున్నారు. అంచును ఎవరో కావాలనే అరగదీశారు. పిడి సందుల్లో బంగారు రంగు పెచ్చులు కనిపించాయి. వాటిని గోటితో గీకి చూశారు. చివరికి, "మరి గిట్లెందుకు జేసిన్రు బిడ్డా?" అన్నారు. ఆ గొంతులో బాధ కంటే ఆరాటమే ఎక్కువ.

అప్పటికే మేడ్చల్‌లో ఆయన సేకరణ ప్రదర్శనకు అన్నీ సిద్ధమయ్యాయి. పోస్టర్ మీద ఆ కత్తి బొమ్మే. ఆయన తన అనుమానం చెబితే, ఇప్పుడేమీ అనొద్దని నిర్వాహకులు బతిమాలారు. అయినా ప్రదర్శన రోజున ఆయన మైకు అందుకున్నారు.

"ఇన్నేండ్లు నేను చెప్పింది ఉత్త నమ్మకమే. గీ కత్తి యుద్ధం జూసిందో లేదో నాకు తెల్వదు. ఎవలకన్న తెలిస్తే చెప్పున్రి."

వెనక వరుసల్లో నవ్వులు వినిపించాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ కూర్చోలేదు.

అప్పుడు ఒక పెద్దాయన లేచారు. అలియాబాద్‌లో ఒకప్పుడు నాటకాలు వేసిన మనిషట. పిడి అడుగున చిన్న చీలిక ఉంటుంది, తిప్పి చూడమన్నారు. తిప్పితే, ఉంది.

"మా నాటకాల కత్తి సార్ ఇది. ఎవలకు తెగొద్దని మా నాయిననే అంచు అరగదీసిండు. రంగు గూడ మేమే ఏసినం."

రాజు వేషంలో దాన్ని ఎలా దూసేవారో ఆయన చేసి చూపిస్తుంటే, డాక్టర్ గారు వచ్చిన అతిథులను మరిచిపోయి, వేదిక మెట్ల మీద కూర్చుని, ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ పోయారు. ఆయన్ని అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదు.

డాక్టర్ గారు ఇప్పుడు లేరు. నేను గట్టిగా నమ్మి చెప్పిన మాట తప్పని తేలినప్పుడు నా చెవులూ వేడెక్కుతాయి. అయినా నలుగురిలో లేచి చెప్పేస్తాను. చెప్పాక, ఇప్పుడు ఎవరు లేస్తారా అని గదంతా చూస్తాను.