కొట్టు మారిందండి

రొయ్యల చెరువులున్న ఊళ్ళలో అమావాస్యకు మతం లేదు. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పాత పెంకు వదిలి కొత్త పెంకు తొడుక్కుంటుంది. ఆ రోజుల్లో మేత తగ్గించాలి, చెరువులో మినరల్స్ చల్లాలి. ఏమరితే, పెంకు గట్టిపడని రొయ్యను పక్క రొయ్యే తినేస్తుంది. కైకలూరులో నాది రొయ్యల మేత, మందుల కొట్టు. మా చర్చి ఇచ్చే క్యాలెండర్‌లో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి గానీ అమావాస్యలు ఉండవు. అందుకని తిథులున్న క్యాలెండర్ ఇంకొకటి కొని బల్ల వెనక తగిలించుకున్నాను.

"మనకెందుకే ఈ అమావాస్య గోల?" అని అమ్మ సణిగేది.

"రొయ్యలింకా బాప్తిస్మం తీసుకోలేదమ్మా" అనేదాన్ని.

అమావాస్యకు ముందురోజు పొద్దుటే ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. రైతులందరికీ ఒక్కొక్కరికీ నేనే చేసేదాన్ని. "ఏవండీ, బాగున్నారా? రేపు అమావాస్యండి. మేత తగ్గించండి. మినరల్స్ ఉన్నాయా, పంపించమంటారా?" మా దగ్గర కొనేవాళ్ళకీ చెప్పేదాన్ని, కొననివాళ్ళకీ చెప్పేదాన్ని. మా ఆయన పోయాక కొట్టు నిలబడింది ఆ ఫోన్ల మీదే. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. వేణ్ణీళ్ళలో ఉప్పేసుకుని పుక్కిలించి పడుకునేదాన్ని.

నా గొంతు చూసి జాలిపడ్డవాడు నా తమ్ముడే. నాన్న లేని ఇంట్లో వాణ్ణి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివించింది నేను. హైదరాబాదు ఉద్యోగం పడక వెనక్కి వచ్చి కొట్లో కూర్చున్నాడు.

"ఈ కాలంలో కూడా ఈ పాట్లేంటక్కా? సిస్టం పెడదాం" అన్నాడు.

పెట్టాడు. ముందు బిల్లులన్నీ కంప్యూటర్లోకి వెళ్ళాయి. సరుకు తగ్గగానే కంపెనీకి దానంతటదే మెసేజ్ పోయేది. రైతు వాట్సాప్‌లో ఏది అడిగినా నేను చూడకుండానే జవాబు వెళ్ళేది. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. మధ్యాహ్నం కునుకు తీయడం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది. కొట్టు ఫోన్ నెంబరు సిస్టంకి కలపాలంటే తన పేరు మీద ఉండాలన్నాడు. వేలిముద్ర వేయమన్నచోట వేశాను. తమ్ముడి దగ్గర కూడా వెనకాముందూ చూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

"ఇక ఫోన్లు కూడా మిషనే చేస్తుందక్కా. గొంతు మాత్రం నీదే ఉండాలి. రైతులు నమ్మేది దాన్నే" అన్నాడొక రోజు.

లారీల హారన్లు వినపడకుండా గది కిటికీకి పరుపు అడ్డం పెట్టాడు. ఫ్యాన్ ఆపేశాడు. చెమటలు కారిపోతుంటే నా చేత పలకరింపులు, అమావాస్య, పౌర్ణమి, మేతల పేర్లు, మందుల పేర్లు అన్నీ విడివిడిగా చెప్పించాడు. కావలసినప్పుడు కావలసిన మాటలు మిషను కలుపుకుంటుందట. ఊళ్ళ పేర్లు కూడా చెప్పించాడు: కైకలూరు, ఆకివీడు, అత్తిలి. ఆఖర్న, "కొట్టు మారిందండి అని కూడా ఒకసారి చెప్పక్కా. రేపు బైపాస్ మీద పెద్ద షాపు తీసుకుంటే పనికొస్తుంది" అన్నాడు. ఆ పెద్ద షాపు ఆశ నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ ఆశ సంగతి వాడికొక్కడికే తెలుసు. చెప్పాను. "నవ్వు మొహంతో చెప్పక్కా" అంటే మళ్ళీ నవ్వుతూ చెప్పాను.

కొన్నాళ్ళు అంతా బాగా నడిచింది. తర్వాత వాడు ఏలూరులో ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయాడు. సిస్టం అక్కణ్ణించే చూసుకుంటానన్నాడు. పలావు చేసి పెట్టి, ప్రార్థన చేయించి మరీ పంపాను.

ఆ వచ్చిన అమావాస్యకు కొట్టు ముందు ఒక్క బండి ఆగలేదు. మినరల్స్ బస్తాలు దింపించుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన ఉన్నప్పటినుంచీ మా దగ్గరే కొనే పెద్దాయన ఒకరు బండి వెనక బస్తా కట్టుకుని అటుగా వెళ్తూ నన్ను చూసి ఆగారు.

"ఇదేంటమ్మా, మీరిక్కడున్నారు? కొట్టు ఆకివీడు మార్చేశారుగా. మాకు దూరమైపోయిందండి."

"ఎవరు చెప్పారండి?"

"భలేవారే. మీరే కదండీ ఫోన్ చేసి చెప్పారు! నవ్వుతూ చెప్పారు."

దింపించుకున్న ఆ మినరల్స్ బస్తాల మీదే కూర్చుండిపోయాను.

మర్నాడు ఆకివీడు బస్సెక్కాను. అద్దాల తలుపులతో కొత్త కొట్టు. లోపల కుర్చీలో నా తమ్ముడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అంత శ్రమ కూడా లేదు, దొంగ బోర్డు పెట్టుకుని మరీ కూర్చున్నాడు.

"నా గొంతు తీసెయ్" అన్నాను.

"ఎలా తీస్తానక్కా? సిస్టం మొత్తం కట్టుకున్నది నేను. నువ్వు ఒక పూట మాట్లాడావంతే" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. మర్యాదగానే అన్నాడు.

నాకు కావలసింది ఒక్క ముక్క. "కొట్టు మారిందని నా చేత చెప్పించావే, ఆ రోజే అనుకున్నావా ఇదంతా?"

వాడు కంప్యూటర్ వైపు తిరిగాడు. "టీ తాగుతావా అక్కా?" అన్నాడు. లేదక్కా, తర్వాతే బుద్ధి పుట్టిందని అబద్ధమైనా చెప్పి ఉంటే నమ్మి ఉండేదాన్ని. నమ్మాలనే వెళ్ళాను. రైతులు పోయినందుకు కాదు, ఆ టీ అడిగినందుకు వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని పాస్టరుగారు చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను.

కేసు పెట్టమన్నారు కొందరు. తోడబుట్టినవాణ్ణి స్టేషనుకెక్కిస్తావా అని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కేసు మానేసి, ఆటో మాట్లాడుకుని చెరువుల వెంట తిరిగాను. కనిపించిన రైతుకల్లా చెప్పాను: "కొట్టు ఎక్కడికీ మారలేదండి. నా గొంతుతో ఫోన్ వస్తే అది మిషనండి. నమ్మకండి, వెంటనే కట్ చేసేయండి." పెద్దాయన చెరువు గట్టు మీద నిలబడి, వాడి వంశాన్నంతా తిట్టారు. అది మా వంశం కూడా అని ఆయనకు తట్టలేదు. ఇక మీ దగ్గరే కొంటానని మాటిచ్చారు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. ముందురోజు పొద్దుటే క్యాలెండర్ చూసుకుని కూర్చుని, అప్పుడే తీసుకున్న కొత్త నెంబర్నించి మొట్టమొదట ఆయనకే చేశాను. "ఏవండీ, బాగున్నారా?" అన్నాను. ఫోన్ కట్టయింది. సిగ్నల్ లేదేమో అనుకుని మళ్ళీ చేశాను. "ఏవండీ" అనేలోపే మళ్ళీ కట్టయింది. తర్వాతివారికి చేశాను, ఆ తర్వాతివారికి చేశాను. ఒకరిద్దరు తిట్టి మరీ పెట్టేశారు.

తెల్లవారాక పెద్దాయన తనంతట తానే కొట్టుకొచ్చారు. మినరల్స్ బస్తా బండికి కట్టించుకుంటూ, ఎంతో ఉత్సాహంగా నా దగ్గరికి వచ్చి చెప్పారు.

"నిన్న మళ్ళీ వచ్చిందమ్మా ఆ దొంగ ఫోను. కొత్త నెంబర్నించి చేశాడండి. మీరు చెప్పినట్టే, నోరు విప్పనీకుండా కట్ చేసి పారేశాను. ఆ గొంతు వింటేనే ఒళ్ళు మండిపోతుందండి నాకు."