రుస్మాంతో చూసిన శుక్రుడు, బృహస్పతి

దెమాక్ ఊరి బజారులో కళ్ళద్దాలు అమ్ముకునే, అందరూ గౌరవంగా ‘పాక్’ అని పిలిచే రుస్మాంతోకి తన కంటి మీద ఉన్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు. ఊరందరి చూపూ మసకే, తనదొక్కటే తేట. సెమరాంగ్ పట్నం వెళ్ళి పాత టెలిస్కోపు ఒకటి కొనుక్కొచ్చిన నాటినుంచి మనిషి నేల మీద నడవడమే మానేశాడు. బజ్జీల బండి దగ్గరా చంద్రుడే, చావింట్లోనూ శనిగ్రహమే. ఎవరైనా ఆవలిస్తే, "మీకు అర్థం కాదులెండి" అని జాలిపడేవాడు. అబ్బో, ఆ జాలి భరించడం కంటే ఆయన దగ్గర కళ్ళద్దాలు కొనుక్కోవడమే సుఖం!

ఇంతటి మనిషికీ ఒక కోరిక ఉంది. ఉపవాసాల నెల ముందు నెలవంకను చూడడానికి ఏటా ఊరి తరఫున ఒకరు సముద్రపొడ్డుకు వెళ్తారు. చూశానన్నవాడు న్యాయాధికారి ముందు దేవుడి మీద ప్రమాణం చేయాలి. ఆ మాట నమ్మి జనం ఉపవాసాలు మొదలుపెడతారు. పాత సాక్షి మంచాన పడ్డాడు, ఆ చోటు తనకే దక్కాలి. కొత్త పేరు పంపాల్సింది మసీదు పెద్ద కియాయి మస్రూఖాన్. అందుకే శుక్రుడూ బృహస్పతీ ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరికొచ్చే సాయంత్రం చూసి, తన పనితనం చూపించుకోవడానికి ఆయన్ని పెరట్లోకి పిలిచాడు రుస్మాంతో.

పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు కాగానే కియాయి వచ్చారు, వెనకాల పదిమంది. రుస్మాంతో భార్య వార్సిని అందరికీ వేడి టీ, అరటిపళ్ళ బజ్జీలు పెట్టింది. పొలాల్లో ఎవరో గడ్డి తగలబెట్టారు, పడమరంతా పొగ. ఆ పొగలోనే కొబ్బరిచెట్ల పైన రెండు చుక్కలు మినుక్కుమన్నాయి. రుస్మాంతో గొట్టాన్ని అటు తిప్పి బిగించి, గొంతు సవరించుకున్నాడు.

"రండి, చూడండి! ఆకుపచ్చది శుక్రుడు, ఎర్రది బృహస్పతి."

వార్సిని తన వంతు రాగానే కన్ను పెట్టింది. "ఊగుతున్నాయేంటి పాక్?"

"గాలి పొరలే, గాలి పొరలు! తెలియనివాళ్ళకి ఊగినట్టే ఉంటుంది."

"శుక్రుడు ఆకుపచ్చగా ఉంటాడా?"

"నువ్వెళ్ళి బజ్జీలు మాడకుండా చూసుకో."

తక్కినవాళ్ళు వరసగా కన్ను పెట్టి "సుభానల్లా" అన్నారు. కనబళ్ళేదంటే ఎక్కడ మొద్దులనుకుంటారో అని భయం మరి! కియాయి కూడా చూశారు. చూసి, "దీన్ని మీరు ఒట్టేసి చెప్పగలరా పాక్?" అన్నారు.

"వల్లాహి, దేవుడి మీద ఒట్టు, శుక్రుడూ బృహస్పతీనే!"

ఆ మాట నోట్లో ఉండగానే బృహస్పతి పల్టీలు కొడుతూ, శుక్రుణ్ణి వెంటబెట్టుకుని వరిమడిలో పడ్డాడు.

"అయ్యో, తాడు తెగిపోయింది!" అని గట్టు మీంచి కేక. అది మంగలి జుమాది గొంతు. వానలు ఆగి గాలి తిరిగితే చాలు, గాలిపటానికి బుల్లి లైట్లు కట్టి రోజూ సాయంత్రం ఎగరేస్తాడు. పెరట్లో ఒకడు ఫక్కున నవ్వాడు, ఆపైన అందరూ అందుకున్నారు.

అప్పటికైనా నోరు మూసుకున్నాడా? మూసుకుంటే రుస్మాంతో ఎందుకవుతాడు! కంచె దగ్గరికి పరిగెత్తాడు. "బుద్ధుందా నీకు? గ్రహాలకు అడ్డంగా పటం ఎగరేస్తావా?"

"నేను రోజూ ఎగరేసే చోటే కదా పాక్! మీ గ్రహాలే నా పటానికి అడ్డమొచ్చాయేమో కనుక్కోండి!"

ఆ పోట్లాట పావుగంట సాగింది. ఈలోగా పొగ విడిపోయి, కాస్త దిగువగా, తెల్లగా, కదలకుండా రెండు వెలుగులు బయటపడ్డాయి. వార్సిని గొట్టాన్ని అటు వంచింది. "ఇవేనేమో, నాకు తెలీదు. మీరే చూడండి కియాయి."

ఆయన చాలాసేపు కన్ను తీయలేదు. తళతళలాడే చిన్నదాని పక్కనే చారల పెద్దది, దాని వరసలో నలుసుల్లాంటి చందమామలు. అందరూ చూశారు. ఈసారి చూసినవాళ్ళే మళ్ళీ వరసలో నిలబడ్డారు.

రుస్మాంతో రొప్పుకుంటూ వచ్చి కన్ను పెట్టేసరికి గ్రహాలు కిందికి దిగిపోయి, గొట్టంలో కొబ్బరిమట్ట తప్ప ఏమీ లేదు.

కియాయి చెప్పులు వేసుకుంటూ ఆగారు. "మీరు చూశారా పాక్?"

పెరడంతా అతని వంకే చూసింది. లేదు అన్న ఒక్క ముక్క చాలు. ఆ ముక్క అనమని వార్సిని కళ్ళతోనే బతిమాలింది.

"చూడకేం! ఎంత స్పష్టంగా కనిపించాయనుకున్నారు!"

కియాయి తల పంకించారు. "చూడనప్పుడు చూడలేదని చెప్పగలిగే మనిషి కావాలి నాకు, పాక్" అని, వార్సినికి సలాం చెప్పి వెళ్ళిపోయారు.